గోదారి తీసుకుంది, బ్యాంకు తీసుకుంటానంటోంది: అర్జీలో ఏ మాట రాయాలి?

ప్రశ్న: మాది కోనసీమలో పి.గన్నవరం పక్కన, గోదారి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామం. నాన్నగారి పేరున ఎకరంన్నర కొబ్బరి తోట ఉండేది. ఏటా కొంత కొంత కోసుకుపోయి ఇప్పుడు పావు ఎకరం కూడా లేదు. 2022 జూలై వరద తరవాత ఇల్లు కూడా ఏటి అంచుకి వచ్చేసి గోడలు బీటలిచ్చాయి. అమ్మా నాన్నగారూ సామాన్లు తెచ్చుకుని గట్టు ఇవతల అద్దె ఇంట్లో ఉంటున్నారు. పిన్ని వాళ్లు ఏటిగట్టు వారనే రేకుల షెడ్డు వేసుకుంటే, ఆక్రమణ తొలగించాలని నోటీసు వచ్చింది. అర్జీ పెడదామంటే అన్నయ్య ‘నిర్వాసితులం’ అని రాయమంటాడు. నాన్నగారి స్నేహితులొకాయన ‘నిరాశ్రయులం’ అంటేనే జాలిపడతారంటారు. డబ్బులిచ్చి రాయించిన కాగితంలో ‘స్వచ్ఛందంగా ఖాళీ చేసి వలస వచ్చియున్నాము’ అని ఉంది. ఇది చాలక, అమలాపురంలో అన్నయ్య తన షాపు మీద తీసుకున్న అప్పుకి బ్యాంకు వాళ్లు ‘స్వాధీన నోటీసు’ పేపర్లో వేయించారు. నాన్నగారు ఊళ్లో సహకార సొసైటీకి ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీకి చైర్మన్‌గా చేసేవారు. ప్రభుత్వం మారాక కొత్త కమిటీ వచ్చింది. ఆయన ‘రాజీనామా చేశాను’ అంటారు, ఊళ్లో ‘పీకేశారు’ అంటున్నారు. ఈ మాటలన్నీ వింటూ అమ్మకి టెన్షన్ ఎక్కువైంది. దేనికి ఏ మాట వాడాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు:

అమ్మా, ముందు ఆ డబ్బులిచ్చి రాయించిన కాగితం ఎక్కడా ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే మళ్లీ కొత్త అర్జీ పెట్టి, ‘మునుపటి అర్జీలో స్వచ్ఛందంగా అని పొరపాటున రాశారు, వాస్తవం ఇది’ అని మొదటి పేరాలోనే రాయండి. మీ ఉత్తరంలోని మాటలన్నిట్లోకీ ప్రమాదకరమైనది అదే. మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇంట్లో మనం ‘పోయింది’ అంటాం. పొలం పోయింది, ఇల్లు పోయింది, పదవి పోయింది. చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ సంగతి తెలుసు కాబట్టి అది చాలు. ఆఫీసులో చాలదు. అక్కడ కూర్చున్న గుమాస్తా మీ బాధ చదవడు, ఎవరు తీసుకున్నారో వెతుకుతాడు. నది తీసుకుందా, ప్రభుత్వం తీసుకుందా, బ్యాంకు తీసుకుందా, మీరే వదిలేశారా? ఒక్కొక్క దానికి ఒక్కొక్క చట్టం, ఒక్కొక్క ఫైలు, ఒక్కొక్క టేబులు. ‘స్వచ్ఛందంగా ఖాళీ చేసి’ అని రాస్తే తీసుకున్నవాళ్లెవరూ లేరని, మీరే వదిలేశారని అర్థం. ఇక జవాబు చెప్పాల్సినవాళ్లూ ఎవరూ ఉండరు. దాని పక్కనే ‘వలస వచ్చియున్నాము’ అని కూడా ఉంది కదా. వలస అంటే పాత నిఘంటువుల్లో శత్రుసేనకి భయపడి ఊరు ఊరంతా వదిలిపోవడం అనే అర్థం ఉంది. ఇవాళ ఆ మాట వింటే ఎవరికైనా పని కోసం వెళ్లడమే తోస్తుంది. రెండు మాటలూ కలిపి చదివిన అధికారికి మీ నాన్నగారు పట్నంలో పని చూసుకుని లంక వదిలి వచ్చినట్టు కనిపిస్తారు. రాసిచ్చినాయన చెడ్డవాడని నేననను. ఆ వాక్యం ఆయన చేతికి అలవాటైపోయి ఉంటుంది.

ఇప్పుడు మీ అన్నయ్య మాటకి వద్దాం. ‘నిర్వాసితులు’ మంచి మాటే, బలమైన మాటే. కానీ మన జిల్లాల్లో ఆ మాటకి ఒక చిరునామా ఏర్పడిపోయింది. పోలవరం ముంపు మండలాల వార్తలు ఇన్నేళ్లుగా చదివీ చదివీ, నిర్వాసితులు అనగానే ప్రాజెక్టు కోసం ప్రభుత్వం భూమి సేకరించగా ఊరు కదలాల్సి వచ్చినవాళ్లే గుర్తొస్తారు. చట్టం కూడా దాదాపు అదే చెబుతుంది. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టంలో నిర్వాసిత కుటుంబం అంటే భూసేకరణ వల్ల వేరే చోటికి తరలాల్సి వచ్చిన కుటుంబం. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం కింద వాళ్లకి పరిహారమూ పునరావాసమూ రెండూ హక్కు. మీరు ఒట్టి ‘నిర్వాసితులం’ అని రాస్తే కౌంటర్లో మొదటి ప్రశ్న ‘ఏ ప్రాజెక్టు? నోటిఫికేషన్ నంబరెంత?’ అనే వస్తుంది. మీ దగ్గర నంబరు ఉండదు. అర్జీ వెనక్కొస్తుంది.

అలాగని ఆ మాట వదిలేయమని కాదు. ముందు ‘నదీకోత వల్ల’ అని చేర్చి రాయండి. దీనికి ఆధారం ఉంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం, కోత వల్ల నిర్వాసితులైనవాళ్ల పునరావాసానికి జాతీయ విపత్తు నిధిలో 1,000 కోట్లు, కోతని అరికట్టే పనులకి విపత్తు ఉపశమన నిధిలో 1,500 కోట్లు విడిగా సిఫారసు చేసింది. అంతకుముందు కోతకి విడిగా ఇలాంటి పద్దు లేదు. అది మీ నాన్నగారి ఖాతాలో నేరుగా పడే డబ్బు కాదు. దేశం మొత్తానికి ఉద్దేశించింది, రాష్ట్రం ప్రతిపాదన పంపుకోవాలి. కానీ ‘నదీకోత వల్ల నిర్వాసితులం’ అనే పదబంధం మీరు పుట్టించింది కాదని, ప్రభుత్వ కాగితాల్లో ఉన్నదేనని తహసీల్దారుగారి ముందు ధైర్యంగా అనొచ్చు.

‘నిరాశ్రయులం’ మాత్రం రాయకండి. నిరాశ్రయులంటే ఇవాళ రాత్రి తలదాచుకోవడానికి నీడ లేనివాళ్లు. మీవాళ్లు అద్దె ఇంట్లో ఉన్నారు. వీఆర్వో విచారణకి వచ్చి, అద్దె ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్న మీ నాన్నగారిని చూసి, ‘అర్జీలో రాసినది వాస్తవం కాదు’ అని ఒక్క వాక్యం రాస్తే నిజమైన సంగతులు కూడా దాంతోపాటే కొట్టుకుపోతాయి. జాలి కోసం రాసిన మాట అర్జీలో ఎప్పుడూ ఎదురు తిరుగుతుంది.

మా చిన్నతనంలో పెద్దవాళ్లు వాడే ఇంకో మాట ఉండేది, ‘కాందిశీకులు’. కాకినాడ రేవు నుంచి రంగూన్ ఓడలెక్కి కూలికి, వ్యాపారానికి వెళ్లిన మన గోదావరి, విశాఖ జిల్లాల జనం 1942లో జపాన్ బాంబులకి భయపడి కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచి వచ్చారు. వాళ్లని అలా పిలిచేవారు. సంస్కృతంలో ‘ఏ దిక్కుకి పోను’ అనే ప్రశ్న నుంచి పుట్టిన మాట అది. ఎంత గొప్ప మాటైనా ఏ దరఖాస్తు ఫారంలోనూ దానికి గడి లేదు. మీ ఇంట్లో ఎవరైనా కథ రాస్తే వాడుకోమనండి.

ఇక అసలు విషయం. మన లంకల్లో వరద చేసే నష్టాలు మూడు రకాలు. మూడింటినీ కలిపి ‘వరదలో పోయింది’ అనేయడం మనకి అలవాటు. ముంపు అంటే నీళ్లొచ్చి నిలిచి వెళ్లిపోతాయి. పంట కుళ్లుతుంది, నేల ఉంటుంది. 1986 ఆగస్టు వరద మన డెల్టా అంతా అతలాకుతలం చేసినా నీళ్లు తీశాక చాలామంది తిరిగి తమ గుమ్మంలోకే వెళ్లారు. మేట అంటే నేల ఉంటుంది గానీ ఇసుక కింద కప్పబడిపోతుంది. మూడోది కోత, నేలే ఉండదు. సర్వే నంబరు కాగితం మీద ఉంటుంది, ఆ నంబరున్న చోట గోదారి పారుతుంటుంది. మీ నాన్నగారు ‘ఏట్లో కలిసిపోయింది’ అంటున్నారంటే అక్షరాలా నిజమే చెబుతున్నారు.

సహాయ నిబంధనల్లోనూ ఈ మూడూ వేరువేరు. 2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం ఇసుక మేట 3 అంగుళాలకి మించితే తీయించుకోవడానికి హెక్టారుకి 18,000 రూపాయలు. నది దారి మారి భూమి చాలా భాగం పోతే హెక్టారుకి 47,000. ఇది చిన్న, సన్నకారు రైతులకి మాత్రమే, అదీ రెవెన్యూ రికార్డుల్లో భూమి వాళ్ల పేరున సక్రమంగా ఉంటేనే. ఎకరానికి లెక్కేస్తే 19 వేల చిల్లర. కాపుకొచ్చిన కొబ్బరి తోట ఎకరానికి 19 వేలంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అయినా అది తీసుకోండి, ఎందుకంటే అది ఇచ్చిన కాగితం మీద ‘భూమి నదిలో పోయింది’ అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు ఉంటుంది. రేపు ఇళ్ల స్థలం అడగడానికి ఆ కాగితం పనికొస్తుంది. పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 అదే ప్రమాణాల్లో ఉంది. బీటలిచ్చిన ఇల్లు ‘పూర్తిగా’ కిందికి వస్తుందా ‘పాక్షికంగా’ కిందికి వస్తుందా అనేది చూసి రాసే ఇంజనీరు చేతిలో ఉంటుంది. అందుకే ‘బీటలిచ్చింది’ అని ఆపేయకుండా ‘ఇల్లు నిలిచిన స్థలమే కోతకి గురవుతున్నందున నివాసయోగ్యం కాదు’ అని రాయండి.

ఇంకో చిక్కుంది. ఈ ప్రమాణాలు వర్తించే విపత్తుల జాబితాలో వరద ఉంది, తుఫాను ఉంది, నదీకోత విడిగా లేదు. కాబట్టి అర్జీలో రెండూ ఉండాలి, తేదీతో సహా వరదా, దాని వల్ల కోతా. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఇవన్నీ జలవనరుల శాఖ రికార్డుల్లో ఉన్నవే, ఎవరూ కాదనలేరు. నేనైతే ఇలా రాస్తాను:

‘మా గ్రామంలో సర్వే నంబరు ఫలానాలో నా పేరున ఉన్న 1 ఎకరం 50 సెంట్ల జిరాయితీ కొబ్బరి తోటలో సుమారు 1 ఎకరం 25 సెంట్లు గోదావరి కోతకి గురై నదిలో కలిసిపోయినది. 2022 జూలై వరద తరవాత నా ఇల్లు ఏటి అంచుకి చేరి నివాసయోగ్యం కాకపోవడంతో ప్రాణభయంతో గత్యంతరం లేక ఖాళీ చేయవలసి వచ్చినది. భూమిపై గానీ ఇంటిపై గానీ నా హక్కును నేను వదులుకోలేదు. నదీకోత వల్ల నిర్వాసితుడనైన నాకు సర్వే జరిపించి కోతకి గురైన విస్తీర్ణాన్ని ధ్రువీకరించి, తగిన సహాయము, ఇంటి స్థలము మంజూరు చేయవలసినదిగా కోరుచున్నాను.’

‘హక్కు వదులుకోలేదు’ అన్న ముక్క తీసేయకండి. గోదారి ఇవాళ ఇటు కోసి రేపు అటు మేట వేస్తుంది. మళ్లీ నేల తేలితే ఆ వాక్యం అప్పుడు అక్కరకొస్తుంది. మీ భూమి జిరాయితీయో (సొంత పట్టా భూమి), డి-పట్టాయో (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి), సొసైటీ ద్వారా వచ్చిన లంక భూమో ముందు చూసుకుని ఆ మాట సరిగ్గా రాయండి. జిరాయితీ కాకపోతే జిరాయితీ అని రాయొద్దు. పాసుపుస్తకం, రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్ నకళ్లు, సర్వే స్కెచ్, ఫోటోలు జతచేయండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. మీ తోట ఉన్న చోట ఒడ్డు ఏయే ఏడు ఎక్కడుందో ప్రింటు తీసి పెట్టండి. నోటితో చెప్పినదానికంటే అది గట్టిగా నిలబడుతుంది. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే.

మీ పిన్నిగారి సంగతి చదివితే మనసు చివుక్కుమంది. గోదారి ఇల్లు తీసేసుకుంటే గట్టు ఎక్కిన మనిషిని కాగితం ‘ఆక్రమణదారు’ అంటుంది. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం అలాంటిది, ప్రభుత్వ భూమిలో అనుమతి లేకుండా ఉంటే కారణంతో పని లేదు. అయితే ఆ చట్టం కిందే, ఖాళీ చేయించే ముందు కారణం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. వచ్చిన నోటీసు అదే అయి ఉంటుంది, చూసుకోండి. గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ‘మేం ఆక్రమించలేదు’ అని వాదించొద్దు, నిలబడదు. ‘నదీకోత వల్ల ఇల్లు కోల్పోయి తాత్కాలికంగా తలదాచుకున్నాం, ప్రత్యామ్నాయ స్థలం చూపించేవరకూ గడువు ఇవ్వండి’ అని అడగాలి. ఆ షెడ్డే శాశ్వతం చేయమని మాత్రం అడగొద్దు. గట్టు బలహీనపడితే ఆ వరదలో ఊరంతా పోతుంది, ఈ విషయంలో నేను అధికారుల పక్షమే. ప్రభుత్వ భూమిలో ఉంటున్నందుకు రెవెన్యూవాళ్లు జరిమానా వేస్తూ ఇచ్చే బి-మెమో చేతిలో ఉంటే అది పట్టా అని కొందరు నమ్ముతారు. కాదు. కానీ ఫలానా తేదీకి మీరు అక్కడ ఉన్నారని చెప్పే ప్రభుత్వ కాగితం కాబట్టి పారేయొద్దు.

బ్యాంకు నోటీసులో ‘స్వాధీనం’ అన్న మాట చూసి అందరూ షాపు పోయిందనుకున్నారు కదా. ఇంకా పోలేదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ముందు 60 రోజుల గడువిచ్చి బాకీ కట్టమనాలి. కట్టకపోతే స్వాధీన నోటీసు గోడకి అంటించి, పేపర్లో వేయిస్తుంది. చాలాసార్లు అది కాగితం మీది స్వాధీనమే, తాళం ఇంకా మీ అన్నయ్య దగ్గరే ఉంటుంది. అప్పటినుంచి 45 రోజుల్లోగా విశాఖపట్నంలోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. పేపర్లో తేదీ చూసి ఇవాళే లెక్కపెట్టుకోమనండి. ‘జప్తు’ వేరు. అది కోర్టు చేసేది, ఆస్తి అమ్మకుండా కట్టేయడం. జప్తు అయినా యజమాని యజమానే. ‘వేలం’ అయి, పాట ఖరారైతేనే ఆస్తి చేయి దాటినట్టు, కానీ బాకీ కట్టి విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేలోపే. ఒక మంచి మాట కూడా ఉంది. వ్యవసాయ భూమికి ఆ 2002 చట్టం వర్తించదు. అన్నయ్య అప్పుకి ఎక్కడైనా పొలం కూడా తనఖా పెట్టి ఉంటే, దాని మీద ఈ పద్ధతిలో స్వాధీన నోటీసు చెల్లదని వకీలుతో చెప్పించొచ్చు. కోపంలో ‘ఐపీ పెట్టేస్తా’ అంటున్నాడేమో అన్నయ్య, మనవైపు అప్పుల్లో ఉన్నవాళ్లు మొదట అనే మాటే అది. దివాలా పిటిషన్ వేస్తే తనఖా ఆస్తి మీద బ్యాంకు హక్కు పోదు, ఊళ్లో పరువు మాత్రం ముందే పోతుంది. వద్దనండి.

నాన్నగారి పదవి విషయంలో నాకు ఊరివాళ్ల మీదే కోపం. పదవి పోవడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. గడువు తీరడం, రద్దు కావడం, తొలగించడం, బర్తరఫ్ చేయడం, అవిశ్వాసంలో ఓడిపోవడం. వీటిలో తప్పు చేసినట్టు ధ్వనించేవి తొలగింపు, బర్తరఫ్. సస్పెన్షన్ అయితే అసలు పోవడమే కాదు. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు ఒక్క ఆర్డినెన్సుతో పోయాయి. మన డెల్టాలో తరతరాలుగా చేసిన కుటుంబాలు ఎన్నో ఇంట్లో కూర్చున్నాయి. మనుషులు తప్పు చేశారా లేదా అన్నదానితో సంబంధం లేదు, పదవే లేకుండా పోయింది. దాన్ని రద్దు అన్నారు. అదే సరైన మాట. పేపర్లవాళ్లు ఇష్టంగా రాసే ‘ఉద్వాసన’ ఇంకా విచిత్రం. చవితి పూజ అయ్యాక వినాయకుడికి మర్యాదగా చెప్పేది ఉద్వాసన. అది మంత్రులకీ చైర్మన్లకీ ఎప్పుడు అంటుకుందో గానీ, పండగ పూటే ఇచ్చినట్టుంటుంది.

మీ నాన్నగారిది నియామకంతో వచ్చిన కమిటీ. ఉత్తర్వు తెప్పించి చదవండి. అందులో గడువు ముగిసిందని ఉంటే ‘కమిటీ గడువు అయిపోయింది’ అనండి. కొత్త కమిటీని వేస్తూ పాతది రద్దు చేశామని ఉంటే ‘కమిటీ రద్దయింది’ అనండి. రెండూ నిజాలే, రెండిట్లోనూ ఆయన తలదించుకోవాల్సింది ఏమీ లేదు. ‘రాజీనామా చేశాను’ అని ఆయన రచ్చబండ దగ్గర అనుకుంటే అననివ్వండి, దానికి ఎవరి అభ్యంతరమూ అక్కర్లేదు. కాగితం మీద మాత్రం వద్దు. రాజీనామా అంటే ఇష్టపడి వదిలేశానని ఒప్పుకోవడం. ఒకప్పుడు రైతు తన భూమిని సర్కారుకి వదిలేస్తూ రాసిచ్చే కాగితాన్ని కూడా రాజీనామా అనే అనేవారు. ఒకే ఇంట్లోంచి వెళ్లే కాగితాల్లో ఒకచోట ‘వదులుకోలేదు’ అని, ఇంకోచోట ‘ఇష్టపడి వదిలేశాను’ అని ఉండకూడదు.

‘పీకేశారు’ అన్నవాళ్లకి జవాబివ్వక్కర్లేదు. దానికంటే ముఖ్యమైన పని ఒకటుంది. ఆయన దిగిపోయేటప్పుడు సొసైటీ రికార్డులు, ఎరువుల స్టాకు, నగదు ఎవరికి అప్పగించారో జాబితా రాసి, తీసుకున్నవాళ్ల సంతకం పెట్టించుకున్నారా? లేకపోతే ఈ వారంలోనే సొసైటీ సీఈఓ దగ్గరికి వెళ్లి ఆ జాబితా నకలు అడగమనండి. రేపు ఆడిట్‌లో లెక్క తేడా వస్తే ఆయన్ని అడిగేది అదే.